మంచాన పడిన నాన్నగారిని కేర్ హోమ్‌లో చేర్చే ముందు ఏమేమి చూసుకోవాలి? (విజయవాడ, గుంటూరు)

ప్రశ్న (గుంటూరు లక్ష్మీపురం; ప్రస్తుతం హైదరాబాదులో ఉద్యోగం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 81 ఏళ్లు. జూనియర్ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి రిటైరయ్యారు. ఈ మధ్య పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రిలో చేయవలసిన వైద్యం పూర్తయిందని చెప్పి ఇంటికి పంపించారు. ముక్కు పైపు తీసేశారు గాని, నీళ్లు, టీ వంటివి తాగితే పొలమారుతోంది. మూత్రం పైపు ఇంకా అలాగే ఉంది. మాట ముద్దగా వస్తున్నా ఆయనకు అన్నీ తెలుస్తున్నాయి. మనుషులను గుర్తుపడుతున్నారు, పొద్దున్నే పేపరు చదివి వినిపించమంటున్నారు, నచ్చని పని చేస్తే ఎడమ చేత్తో తోసేస్తున్నారు.

ఇంట్లో ఉన్నది 75 ఏళ్ల మా అమ్మ ఒక్కతే. ఆయనను పక్కకు తిప్పడం కూడా ఆమె వల్ల కావడం లేదు. ఏజెన్సీ ద్వారా పెట్టుకున్న కుర్రవాళ్లు పని చేతికి వచ్చేలోపే మారిపోతున్నారు. పండగ వచ్చిందంటే చెప్పకుండా ఊరికి వెళ్లిపోతున్నారు. మా చెల్లెలు విజయవాడ పటమటలో ఉంటుంది. ఆమెకు ఉద్యోగం ఉంది, ఇంట్లో పరీక్షలు రాసే పిల్లలు ఉన్నారు. అయినా నాన్నగారి కోసం వారంలో సగం రోజులు వారధి దాటి వచ్చి వెళుతోంది. ఇలా ఎక్కువ కాలం సాగదని మా ఇద్దరికీ అర్థమై, మంచాన ఉన్నవారిని చూసుకునే కేంద్రాల కోసం వెతకడం మొదలుపెట్టాం.

ఇప్పటికి రెండు చోట్లు మాకు కుదిరేలా కనిపించాయి. గుంటూరు గోరంట్ల వైపు ఉన్నది కొత్త భవనం. లిఫ్టు, ఫిజియోథెరపీ గది, చుట్టూ తోట, రోజూ వచ్చే డాక్టరు అన్నీ ఉన్నాయి. విజయవాడ పోరంకి వైపు ఉన్నది ఒక పాత ఇంటిని మార్చి నడుపుతున్న చిన్న కేంద్రం. అక్కడ హంగులేవీ లేవు, ఫిజియో కూడా వారానికి మూడు రోజులే వస్తారట. అమ్మ మాత్రం తను రోజూ వెళ్లి కూర్చోవడానికి గుంటూరే కావాలంటోంది. చుట్టాలలో కొందరు కన్నతండ్రిని ఆశ్రమంలో వదిలేస్తున్నారని అమ్మ ముఖం మీదే అన్నారు. ఆ మాట ఆమెను చాలా బాధపెట్టింది.

మీలో ఎవరైనా తల్లిదండ్రులనో అత్తమామలనో ఇలాంటి చోట చేర్చి ఉంటే, అక్కడి సంరక్షణ నిజంగా ఎలా ఉండేదో, బాగున్నదీ లేనిదీ మీరు దేనినిబట్టి తెలుసుకున్నారో, చేర్చే ముందు ఏమి అడగాలో, చేర్చిన తరువాత ఏమి గమనిస్తూ ఉండాలో దయచేసి వివరంగా రాయండి. ఏ కేంద్రం పేరూ చెప్పనవసరం లేదు.

జవాబు (గుంటూరు, బ్రాడీపేట)

మా అత్తగారి విషయంలో జరిగినది రాస్తాను. ఆవిడకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, ఎప్పటినుంచో షుగరు కూడా ఉంది. ఊరి బయట ఒక పెద్ద కేంద్రంలో చేర్పించాం. అక్కడ చూడటానికి వెళ్లాలంటే ముందుగా ఫోన్ చేయాలి, అదీ ఆదివారం సాయంత్రమే. మేము వెళ్లేసరికి ఆవిడకు తల దువ్వి, పౌడరు రాసి, ఉతికిన చీర కట్టి, చక్రాల కుర్చీలో ముందు హాల్లోకి తీసుకువచ్చి కూర్చోబెట్టేవారు. అక్కడే మాట్లాడి వచ్చేవాళ్లం. గదిలోకి వెళతామంటే పక్క మంచాల వారికి ఇబ్బంది అని మర్యాదగానే ఆపేవారు.

ఒకసారి మా ఆడపడుచు చెన్నై నుంచి చెప్పకుండా పొద్దున్నే వెళ్లింది. అమ్మకు తానే స్నానం చేయిస్తానని పట్టుబట్టింది. వీపు కింద, నడుము ఎముక దగ్గర, అరచేయి పట్టేంత పుండు కనిపించింది. అడిగితే నిన్ననే మొదలైందని చెప్పారు. కుళ్లిన కండ తీసి శుభ్రం చేసిన సర్జన్, ఇంత లోతు పుండు ఒక్క రోజులో పడేది కాదని స్పష్టంగా చెప్పారు. ఆ తరువాత కేంద్రంవారు చూపించిన రిజిస్టరులో, రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పినట్లు రాత్రీ పగలూ వరుసగా రాసి ఉంది. అయితే అన్ని వరుసలూ ఒకే చేతిరాత, ఒకే కలం. ఏ మనిషీ ఇరవైనాలుగు గంటలూ డ్యూటీ చేయదు కదా.

ఆ ఆయాల మీద నాకు కోపం లేదు. రాత్రిపూట ఒక అంతస్తు మొత్తానికి ఇద్దరే ఉండేవారని, జీతాలు కూడా సరిగా ఇచ్చేవారు కాదని తరువాత తెలిసింది. బరువైన మనిషిని తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఒకరు డైపరు మార్చే పనిలో ఉంటే రెండోవారు ఒంటరిగా ఏం చేయగలరు? మనుషులను తగ్గించి భవనానికి రంగులు వేయించిన యాజమాన్యానిదే ఆ పాపం.

తరువాత ఆవిడను ఒక చిన్న కేంద్రానికి మార్చాం. అక్కడ ఎయిర్ బెడ్ వేశారు. డ్రెస్సింగ్ చేసే సమయంలో మమ్మల్ని పక్కనే ఉండనిచ్చేవారు. షుగరు వల్ల పుండు మానడానికి నెలలు పట్టింది గాని, మానింది. అందుకే నేను చెప్పేది ఒక్కటే: స్నానం చేయించే వేళకు మీరు గదిలో ఉండవచ్చా అని చేర్చే ముందే అడగండి. వద్దంటే ఆ చోటు మీకు వద్దు.

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం, విశ్రాంత స్టాఫ్ నర్సు)

పై జవాబులో రాసిన ఆవిడ బాధ నాకు బాగా తెలిసినది. సర్వీసులో ఉన్నంతకాలం అలాంటి పుండ్లతో వచ్చిన పెద్దవాళ్లకు డ్రెస్సింగులు చేశాను. మీ నాన్నగారి పరిస్థితికి సంబంధించినంతవరకు కొన్ని విషయాలు చెబుతాను.

పడక పుండు మొదట ఎర్రటి మచ్చగా కనిపిస్తుంది. ఆ ఎరుపు మీద వేలితో నొక్కి తీస్తే మామూలు చర్మం ఒక క్షణం తెల్లబడి మళ్లీ రంగు వస్తుంది. తెల్లబడకుండా ఎర్రగానే ఉండిపోతే లోపల రక్తప్రసరణ దెబ్బతినడం మొదలైందని అర్థం. చామనఛాయ వారిలో ఆ ఎరుపు స్పష్టంగా తెలియదు కాబట్టి, ఆ చోటు చుట్టుపక్కల కంటే వేడిగా గాని గట్టిగా గాని ఉందేమో చేత్తో తాకి చూడాలి. నడుము కింది ఎముక, తుంటికి రెండు పక్కలా, మడమలు, తల వెనుక భాగం, ఈ చోట్లను మీ చెల్లెలు వెళ్లినప్పుడల్లా చూడాలి. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానేసే చోట్లు ఉన్నాయి. ఎయిర్ బెడ్ ఒత్తిడిని తగ్గిస్తుందే గాని, తిప్పే పనిని మనకు తప్పించదు.

రెండోది భోజనం. పక్షవాతం తరువాత పొలమారేవారికి పలుచటి నీళ్లకంటే కాస్త చిక్కగా ఉన్న పదార్థమే క్షేమం. మెత్తగా చిదిమిన పెరుగన్నం, చిక్కటి జావ వంటివి, మింగడం పరీక్షించిన డాక్టరు చెప్పిన చిక్కదనంలో ఇవ్వాలి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగారని చూసుకున్నాకే రెండో ముద్ద పెట్టాలి. తిన్న తరువాత కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. తొందరలో పడుకున్న మనిషి నోట్లో కుక్కితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది, పక్షవాతం నుంచి బయటపడిన మనిషిని అది తీసుకుపోగలదు. కాబట్టి మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లండి. ఒక్క ఆయా ఎంతమందికి తినిపిస్తోందో, ఎంత తొందరలో ఉందో మీకే కనిపిస్తుంది.

ఇంకొక విషయం బాధతోనే రాస్తున్నాను. డైపర్లు ఎక్కువసార్లు మార్చవలసి వస్తుందని, మూత్రం సంచి త్వరగా నిండుతుందని నీళ్లు తగ్గించి ఇచ్చే చోట్లు ఉన్నాయి. ముసలితనంలో దాహం తెలియడం ఎలాగూ తగ్గుతుంది, అడిగే ఓపిక ఉండదు. మన విజయవాడ మే నెల ఎండల్లో ఒంట్లో నీరు తగ్గి, ఉప్పుల నిల్వలు తారుమారై, నిన్నటిదాకా పేపరు వినిపించమన్న మనిషి ఇవాళ పిల్లలను గుర్తుపట్టకపోవచ్చు. వయసు మీదపడి అలా అయ్యారని చెబితే ఒప్పుకోకండి. పెద్దవాళ్లలో హఠాత్తుగా వచ్చిన మతిభ్రమ వెనుక ఒంట్లో నీరు తగ్గడమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, సోడియం పడిపోవడమో, కొత్తగా వేసిన నిద్రమాత్రో ఉండవచ్చు. జ్వరం లేకపోయినా ఇన్‌ఫెక్షన్ ఉండే అవకాశం ఉంది. ఏ మందులు ఇస్తున్నారో రాసిన కాగితాన్ని డిశ్చార్జి సమ్మరీ పక్కన పెట్టి చూడండి. రాత్రి సిబ్బంది సౌకర్యం కోసం చేర్చిన మాత్ర ఏదైనా ఉంటే అందులో తెలిసిపోతుంది.

పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపేవారు ఎక్కడైనా కనిపిస్తే వెంటనే ఆపించండి. పట్టు కోల్పోయిన భుజం కీలు జారి, ఆ నొప్పితో మనిషి ఫిజియో చేయనివ్వడు. చంకల కింద లాగకుండా, నడుముకు బెల్టు కట్టి లేపడం తెలిసినవారు అక్కడ ఉన్నారా అన్నది, ఫిజియో గదిలో ఎన్ని యంత్రాలు ఉన్నాయన్న దానికంటే ముఖ్యం.

"మా దగ్గర నర్సులు ఉన్నారు" అంటే ఎవరో అడగండి. జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) మూడేళ్ల చదువు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లది, వారికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. తెల్లటి దుస్తులు వేసుకున్నవారంతా నర్సులు కారు. అయితే ఎంతో ఓర్పుతో, శుభ్రంగా పనిచేసే ఆయాలను నేను చాలామందిని చూశాను. రోజువారీ సేవకు వారే ఆధారం. రాత్రికి అర్హత ఉన్న నర్సు ఒక్కరైనా మేలుకుని ఉంటారా అన్నదే మీరు తేల్చుకోవలసిన సంగతి.

ఇక గుంటూరా విజయవాడా అన్నదానికి నా సమాధానం పోరంకి. పటమట నుంచి బందరు రోడ్డు మీద మీ చెల్లెలు ఆఫీసుకు వెళ్లే ముందో, వచ్చేటప్పుడో, వేళ కాని వేళలో పది నిమిషాలు ఆగి వెళ్లగలదు. సాయంత్రం వారధి మీద రద్దీలో చిక్కుకుని గోరంట్ల చేరాలంటే అది వారానికి ఒకసారి చేసే ప్రయాణమవుతుంది. సిబ్బంది ఎవరి మనిషి ఎప్పుడు వస్తారో తెలియని మంచం మీదే ఎక్కువ శ్రద్ధ పెడతారు. ఇది న్యాయం కాదు, అయినా నేను చూసినంతవరకు నిజం.

జవాబు (విజయవాడ, కానూరు)

మంచి అనుభవం కూడా ఒకటి ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. మా అమ్మకు మతిమరుపు వ్యాధి ముదిరిన తరువాత దగ్గరలోని ఒక చిన్న కేంద్రంలో ఉంచాం, చివరిదాకా అక్కడే ఉంది. ఆ చోటు మీద మాకు నమ్మకం కలిగించిన సంఘటన ఏమిటంటే, అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడిన రోజు మేము వెళ్లి చూడకముందే నిర్వాహకురాలు ఫోన్ చేసి, ఎప్పుడు పడింది, అప్పుడు దగ్గర ఎవరున్నారు, తలకు దెబ్బ తగిలిందా లేదా, డాక్టరు ఏమన్నారు అన్నదంతా దాచకుండా చెప్పారు. చెడు కబురు ముందు వారి నోటినుంచే వచ్చింది.

అమ్మను చూసుకున్న ఆయా చాలాకాలం మారలేదు. అమ్మకు మా పేర్లు మరిచిపోయిన తరువాత కూడా ఆ అమ్మాయి గొంతు వింటే నోరు తెరిచి తినేది. పనివారు ఎంతకాలంగా అక్కడ ఉన్నారో వారినే అడగండి. ఖర్చు సంగతికి వస్తే, నెల రుసుములో డైపర్లు, మందులు, ఫిజియో, డాక్టరు ఫీజు, అంబులెన్సు చేరతాయో లేదో కాగితం మీద రాయించుకోవాలి. మేము అలా రాయించుకున్నాం కాబట్టి డబ్బు దగ్గర ఎప్పుడూ మాట రాలేదు.

మీ అమ్మగారిని నొప్పించిన చుట్టాల మాట గురించి కూడా రాయాలి. ఆవిడ ఒంటరిగా ఆయనను తిప్పబోయి నడుము విరగ్గొట్టుకుంటే ఆ మాట అన్నవారు వచ్చి ఇద్దరికీ చేస్తారా? ఆవిడ ఆయన పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించే ఓపిక మిగలాలంటే, ఎత్తే పని మరొకరు చేయాలి.

జవాబు (గుంటూరు, అరండల్‌పేట, న్యాయవాది)

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రులు, నర్సింగ్ హోములు 2002 నాటి ప్రైవేటు వైద్య సంరక్షణ సంస్థల నమోదు, నియంత్రణ చట్టం కింద రిజిస్టరు కావాలి. ఒక కేంద్రం తమ దగ్గర ఆక్సిజన్, సెలైన్, 24 గంటల వైద్యం ఉన్నాయని ప్రచారం చేసుకుంటుంటే ఆ రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి. లేదంటే అక్కడ దొరికేది వసతి, సేవ మాత్రమేనని అర్థం చేసుకుని, అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి, ఎవరు, ఏ వాహనంలో తీసుకువెళతారో ఒప్పందంలో రాయించుకోవాలి.

డబ్బు తీసుకుని చేసే సేవలో లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. గడువు రెండేళ్లు. బ్రాడీపేట నుంచి రాసినవారి వంటి సందర్భంలో పుండు కనిపించిన రోజే తేదీతో ఫొటోలు తీయడం, రిజిస్టరు నకలు అడగడం, సర్జన్ అభిప్రాయం రాతలో తీసుకోవడం చాలా అవసరం. వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వ సహాయ నంబరు 14567 ఉంది, అక్కడ కూడా సలహా, సహాయం అడగవచ్చు.

ఇది ప్రశ్న అడిగినవారికి వర్తించకపోవచ్చు గాని, చదివే ఇతరుల కోసం చెబుతున్నాను. పక్షవాతంతో పూర్తిగా మంచానికి పరిమితమైన అర్హులకు రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో విచారించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చెల్లెలికి, అమ్మకు చదివి వినిపించాను. చెల్లెలు, బావగారు కలిసి రెండు చోట్లకూ భోజనాల వేళ ఒకసారి, రాత్రి పొద్దుపోయాక ఒకసారి వెళ్లి వచ్చారు. గోరంట్ల కేంద్రంలో రాత్రి పైకి వెళ్లనివ్వలేదు. కింద ఆఫీసులోనే కూర్చోబెట్టి సీసీ కెమెరా తెర చూపించారు. పోరంకిలో తలుపు తీసినది డ్యూటీలో ఉన్న నర్సే. లోపల ఒక పెద్దాయనను ఇద్దరు కలిసి తిప్పుతున్నారు. రిజిస్టరులో చేతిరాతలు షిఫ్టుకొకటి చొప్పున వేరువేరుగా ఉన్నాయి. అయితే అక్కడ బరువు తూచే యంత్రం లేదు. అడిగితే తెప్పిస్తామన్నారు.

అందుకని పోరంకి వైపే మొగ్గుతున్నాం. మొదట కొంతకాలం అమ్మ పటమటలో చెల్లెలి దగ్గర ఉండి రోజూ వెళుతుంది. వెళ్లడానికి ఒప్పుకుంది గాని, ఇల్లు తాళం వేయడం ఆమెకు కష్టంగానే ఉంది.

రెండు సందేహాలు మిగిలాయి. వారానికి మూడు రోజుల ఫిజియో సరిపోతుందా? మూత్రం పైపు ఎంతకాలం ఉంచాలి?

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం)

మూడు రోజులు చాలవు. పక్షవాతం తరువాత మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ కోలుకుంటారు కాబట్టి, మిగిలిన రోజులకు మీరే బయటినుంచి ఒక ఫిజియోను పంపించుకుంటామని కేంద్రంవారిని ఒప్పించండి. ఫిజియో చెప్పిన వ్యాయామాలను మీ అమ్మగారికి, అక్కడి ఆయాకు కూడా నేర్పించమనండి.

పైపు ఎంత త్వరగా తీయగలిగితే అంత మంచిది, ఉన్నకొద్దీ ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది. ఉన్నంతవరకు సంచి ఎప్పుడూ మంచం మట్టానికి కిందనే వేలాడాలి, నేలకు తగలకూడదు, ఆయనను తిప్పేటప్పుడు ఒంటి మీద పెట్టకూడదు. ఆ వయసు మగవారికి ప్రోస్టేట్ సమస్య కూడా ఉండవచ్చు గనుక ముందు యూరాలజిస్టుకు చూపించి, వారు సరేనంటే, పైపును పనిదినాన పొద్దున్నే తీయించండి. సాయంత్రం తీస్తే, మూత్రం రాకుండా పొట్ట ఉబ్బినప్పుడు అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాలి. పొద్దున్న తీస్తే మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది, అవసరమైతే వెలుతురు ఉండగానే మళ్లీ వేయించవచ్చు.